ఆగిపోయిన రాయబారాన్ని మళ్ళీ ఆడించాలంటే

ఏటా సంక్రాంతి వెళ్ళగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, ఈ శ్రీరామనవమికి మా ఊళ్ళో శ్రీకృష్ణ రాయబారం నాటకం వేద్దామనుకుంటున్నామండీ. తాతల నాటి నుంచి ఆడేవారట, మధ్యలో ఆగిపోయింది. మీరొచ్చి హార్మోనియం పట్టాలి." పట్టడానికి నాకేం, పడతాను. పగలు బళ్ళో తెలుగు చెప్పుకుంటూ, రాత్రిళ్ళు నాటకాలకి వాయించుకుంటూ తెనాలి చుట్టుపక్కలే బతుకంతా గడిపినవాణ్ణి. ఫోను చేసిన కుర్రాడు తర్వాత అడిగేవన్నీ మాత్రం ఒకేలా ఉంటాయి. కిరీటాలు ఎక్కడ అద్దెకు దొరుకుతాయి, మైకులు ఎన్ని కావాలి, కృష్ణుడికి ఎంతివ్వాలి. చూడ్డానికొచ్చేవాళ్ళు ఏం ఆశించి వస్తారని ఒక్కడూ అడగడు. ఆగిపోయిన నాటకాన్ని లేపేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది అదే. మిగతావన్నీ డబ్బుతో తెగిపోయే పనులు.

సినిమాకి వెళ్ళినవాడు కథ ఏమవుతుందోనని చూస్తాడు. రాయబారం అంటే పాండవుల తరఫున కృష్ణుడు కౌరవ సభకి సంధి మాట్లాడ్డానికి వెళ్ళే పద్యనాటకం. అందులో కథ ఏమవుతుందో పసిపిల్లాడికీ తెలుసు, సంధి కుదరదు. పద్యాలు ముందు వరసల్లో వాళ్ళకి సగానికి సగం నోటికి వచ్చు. అయినా చాపలు చంకన పెట్టుకుని వస్తారు. తన చెవిలో ఎప్పటినుంచో ఉన్న పద్యం ఈ రాత్రి ఈ గొంతులో ఎలా పలుకుతుందో విందామని వస్తారు. ఆ చెవిలో ఏముందో మీరు ముందుగా కనుక్కోవాలి. అది ముట్టుకోకూడదు. అది తప్ప ఏదైనా కోసెయ్యొచ్చు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీ ఊరి రాయబారం ఏది?

తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు, భారతకథను వరుస నాటకాలుగా రాశారు. పాండవ జననం దగ్గర మొదలై పాండవాశ్వమేధం దాకా పోతుంది. అందులో జనం నెత్తిన పెట్టుకున్నవి పాండవోద్యోగం, పాండవ విజయం. రాయబారం అని మనం ఆడేది ముఖ్యంగా పాండవోద్యోగంలోది. కొన్నిచోట్ల యుద్ధం కూడా కలిపి ఉద్యోగ విజయాలు అని ఆడతారు. పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆడిన ఊరు నేనైతే చూడలేదు. నటులూ, నాటకాలు కుదిర్చే కాంట్రాక్టర్లూ ఎవరికి కుదిరినట్టు వాళ్ళు కత్తిరించి కుట్టుకున్నారు. ఒక ఊళ్ళో ద్రౌపది సీను లేకపోతే గొడవ. ఇంకో ఊళ్ళో పడక సీనుతోనే తెర లేస్తుంది, అంతకు ముందు ఏదైనా ఉందని కూడా తెలియదు. అందుకని పుస్తకం చూపించి "అసలు నాటకం ఇదీ" అని పెద్దవాళ్ళతో వాదనకు దిగొద్దు. వాళ్ళకి అసలు నాటకం అంటే ఆ ఊరి రామాలయం పందిట్లో చూసినదే.

కనుక రిహార్సలు మొదలుపెట్టడానికి నెల ముందే రామాలయం అరుగు మీదికి వెళ్ళండి. "తాతా, నీకు ఏ సీను ఇష్టం?" అని అడిగితే ఏమీ రాదు. "అన్నీ బాగుంటాయిరా" అంటాడు. "తాతా, ఒక పద్యం అందుకో" అనండి. ఏ పద్యం అందుకుంటాడో అదే మీకు కావాల్సింది. ఫోనులో రికార్డు చేసుకోండి. ఎక్కడ ఆగాడు, ఎక్కడ సాగదీశాడు, ఏ మాట దగ్గర చెయ్యి లేచింది, అన్నీ రాసుకోండి. గొంతు పోయినవాళ్ళయినా సరే, చెయ్యి లేచే చోటు మాత్రం తప్పరు. పదిమందిని వినేసరికి ఊరి జాబితా మీ చేతిలో ఉంటుంది. ఆడవాళ్ళని అడగడం మరచిపోకండి. మా వైపు పద్యాలు బాగా గుర్తున్నది ముసలమ్మలకే. పాడమంటే సిగ్గుపడతారు కానీ, తప్పు పాడితే ఊరుకోరు.

మా ప్రాంతంలో ఈ జాబితా ఎప్పుడు తీసినా కొన్ని పద్యాలు తప్పకుండా తేలతాయి. పడక సీనులో "బావా ఎప్పుడు వచ్చితీవు". కౌరవ సభలో "చెల్లియో చెల్లకో", "అలుగుటయే యెరుంగని", "జెండాపై కపిరాజు". వీటిలో ఒక్కటి ఎగరగొట్టినా మీ నాటకం ఆడనట్టే లెక్క. వీటిని నిలబెట్టి తక్కిన వచనం సగం తీసేసినా "బ్రహ్మాండంగా ఆడారు" అనుకుంటూ ఇంటికి పోతారు.

ఒక్కో పద్యానికీ ఒక్కో లెక్క

పడక సీను తీసుకుందాం. కృష్ణుడు పడుకుని ఉంటాడు. తల వైపు దుర్యోధనుడు, కాళ్ళ వైపు అర్జునుడు. లేచీ లేవగానే కాళ్ళ దగ్గరున్న అర్జునుణ్ణి "ఎక్కడ నుండి రాక" అని పలకరిస్తాడు. తర్వాత తల తిప్పి "బావా!" అంటాడు. జనం కాచుకుని కూర్చునేది ఆ ఒక్క మాట కోసం. దుర్యోధనుడు వచ్చి కూర్చున్నాడని కృష్ణుడికి తెలుసు. తెలుసని జనానికీ తెలుసు. ఆ "బావా"లో మర్యాద ఉండాలి, వెటకారమూ ఉండాలి. రెండూ ఉన్నట్టు దుర్యోధనుడికి మాత్రం తెలియకూడదు. కొత్త కుర్రాళ్ళు ఇక్కడ రాగం అందుకోవాలని తొందరపడి ఆ మాటని మింగేస్తారు. నేను రిహార్సల్లో పద్యం పాడనివ్వను. ముందు ఆ మాట ఒక్కటే అనిపిస్తాను. తల ఎప్పుడు తిప్పాలి, కళ్ళు ముందా మెడ ముందా, నవ్వు ఎంత వరకూ. అది కుదిరాకే హార్మోనియం తెరుస్తాను.

"చెల్లియో చెల్లకో" అలా కాదు. అక్కడ హాస్యం లేదు, వచ్చినవాడు దూత. ఇది ఉత్పలమాల. చివర "యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా" అన్నంత వరకూ మాట స్పష్టంగా వినపడాలి. ఆ "కౌరవేశ్వరా" అయ్యాక రాగం ఎంత తీసినా మీ ఇష్టం. పద్యం మధ్యలో "పిల్లలు పాపలున్" దగ్గరే ఆలాపన మొదలుపెడితే, యుద్ధం వస్తే పిల్లలేమవుతారన్న భయం గాలికి పోతుంది. పద్యనాటకం మీద ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే ఇది, రాగం ఎక్కువై భావం మునిగిపోయిందని. కృష్ణ వేషానికి పేరుపడ్డ బందా కనకలింగేశ్వరరావు గారిని, పీసపాటి నరసింహమూర్తి గారిని పెద్దవాళ్ళు ఇప్పటికీ తలచుకునేది వాళ్ళ పద్యంలో మాట పోదనే. మరోవైపు షణ్ముఖి ఆంజనేయరాజు గారి గాత్రం వినడం కోసమే మైళ్ళు నడిచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మీ ముందు వరసలో రెండు రకాలవాళ్ళూ ఉంటారు. మాట పోకుండా చివర రాగం తీస్తే ఇద్దరికీ సరిపోతుంది.

"జెండాపై కపిరాజు" శార్దూలం. గుర్రాలూ రథమూ గాండీవమూ వరసగా కళ్ళకు కట్టాలి. ఒక్కో సమాసానికీ ఒక్కో చూపు, ఒక్కో చెయ్యి. చిన్నపిల్లలు కూడా బొమ్మలాగా గుర్తుపెట్టుకునే పద్యం అది. అంతా చెప్పి "ఒక్కండున్ నీ మొఱ నాలకింపడు" దగ్గరకు వచ్చేసరికి గొంతు పెంచడం కంటే తగ్గించడం మేలని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు. బల్ల గుద్ది పాడితేనే చప్పట్లు వస్తాయంటారు. వస్తాయి, నిజమే. కానీ అప్పుడు దుర్యోధనుడి మొహం ఎవరూ చూడరు. సీను ఇద్దరిదీ.

"అలుగుటయే యెరుంగని" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ధర్మరాజు గురించి చెబుతున్న సంగతి మరచిపోయి తనకే కోపం వచ్చినట్టు పాడకుండా చూసుకుంటే చాలు.

పాత గొంతులతో పోటీ

ఒకప్పుడు రికార్డులు, తర్వాత క్యాసెట్లు, ఇప్పుడు ఫోను. మహానటుల పద్యాలన్నీ అందరి జేబుల్లో ఉన్నాయి. మీ కృష్ణుడు నోరు విప్పకముందే జనం చెవిలో ఇంకో కృష్ణుడు ఉంటాడు. కొందరికి సినిమాలో ఘంటసాల గారు పాడిన తీరే ఉంటుంది. సినిమా పద్యం పొట్టిది, వాద్యాలు ఎక్కువ. స్టేజి మీద అదే తీరు పాడితే తేలిపోతుంది. దీనికి నేను పాటించే పద్ధతి ఒకటే. కుర్రాణ్ణి ఎవరో ఒక్కరినే ఎంచుకోమంటాను. నెల రోజులు అచ్చంగా ఆయన్నే అనుకరించమంటాను. ఊపిరి ఎక్కడ తీశారో కూడా. ప్రదర్శనకు పది రోజుల ముందు ఆ వినడం మాన్పించేస్తాను. అప్పటికి దారి పడుతుంది, గొంతు మాత్రం తనదే మిగులుతుంది. నలుగురి తీరూ కలిపి పాడేవాణ్ణి మా ముసలాళ్ళు ఇట్టే పట్టేస్తారు. "మొదటి పాదం ఆయనది, రెండో పాదం ఈయనది, నీదేదిరా?" అంటారు.

ఇంకో ప్రమాదం చదువుకున్నవాళ్ళ వల్ల వస్తుంది. వాళ్ళకి శుద్ధి చెయ్యాలనిపిస్తుంది. కవి రాసింది తప్ప ఇంకేమీ ఉండకూడదంటారు. హరిశ్చంద్ర సంగతి చూడండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటి సీనులో "ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము" అంటూ వచ్చే పద్యాలు గుఱ్ఱం జాషువా గారి 'శ్మశానవాటిక'లోవి. నటులు తెచ్చి కలుపుకున్నారు. జనం గుండెల్లో కుదిరిపోయాయి. బలిజేపల్లి వారి పుస్తకంలో లేవని తీసేసి చూడండి, కుర్చీలు ఎగురుతాయి. శ్రీకృష్ణ తులాభారంలో "మీరజాలగలడా" పాటా అంతే. నాటకకర్త ముత్తరాజు సుబ్బారావు గారు. పాట సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారిది. ఆ పాట లేని తులాభారం ఎవరికి కావాలి? అభిమాని దృష్టిలో నాటకం అంటే కవీ, నటులూ, విన్నవాళ్ళూ కలిసి కట్టుకున్న ఇల్లు. ఒక్క కవి పేరు మీదే రిజిస్ట్రీ ఉందని చెప్పి మిగతావాళ్ళని బయటకి పంపలేం.

అలాగని చేరినవన్నీ మంచివే అనను. చింతామణికి జరిగిందేమిటో తెలుసుగా. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యావ్యామోహం వల్ల ఇళ్ళు ఎలా గుల్లవుతాయో చెబుదామని రాశారు. పోనుపోను చిల్లర హాస్యం పేరుకుని, సుబ్బిశెట్టి పాత్ర మీద ఆర్యవైశ్యుల అభ్యంతరాలు వచ్చి, చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. జనం నవ్వుతున్నారు కదా అని ప్రతిదీ ఉంచేసుకుంటూ పోతే అక్కడిదాకా వస్తుంది. పద్యం చేరితే ఉంచండి. ఎవరినో కించపరిచే జోకు చేరితే తీసెయ్యండి. అడిగితే "మర్చిపోయాడండీ" అనండి, ఎవరూ పట్టించుకోరు.

కరపత్రంలోనే తేల్చెయ్యండి

సగం గొడవలు కరపత్రంలోనే పుడతాయి. పెద్దక్షరాలతో "శ్రీకృష్ణ రాయబారం" అని వేస్తే, చూసిన ముసలాయన రాత్రంతా నాటకం అనుకుని దుప్పటి తెచ్చుకుంటాడు. మీరేమో మూడు గంటల్లో మంగళం పాడేస్తారు. ఆయనకి కోపం రాదా? రాత్రంతా ఆడే రోజులు పోయాయి. 2000లో వచ్చిన శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండగలకీ ఉత్సవాలకీ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. అంచేత తొమ్మిదికి తెర లేపి పన్నెండు లోపు ముగించే నాటకం తయారు చేసుకోవాలి. పోలీసు పర్మిషన్ కాగితం ముందే చేతిలో ఉంచుకోవాలి.

కరపత్రం మీద నాటకం పేరుతో పాటు సీన్ల పేర్లు వెయ్యండి. "పడక సీను, రాయబారం సీను" అని. రెండే అంటే రెండే. అప్పుడు వచ్చేవాడు రెండిటికే సిద్ధపడి వస్తాడు. "తగ్గించారేంటి" అనే మాట ముందే అరుగు మీద అయిపోతుంది, పందిట్లోకి రాదు. ఏ సీనులో ఏ కృష్ణుడో కూడా వెయ్యండి. అడ్వాన్సు అందుకుని వస్తానని ఖాయంగా చెప్పినవాడి బొమ్మే వెయ్యండి. పేరున్న నటుడి బొమ్మ వేసి ఆ రాత్రి వేరొకరిని దించితే, వచ్చినవాడు ఎంత బాగా పాడినా చెవికెక్కదు. మా పక్క ఊళ్ళో ఒకసారి అలాగే జరిగి, కమిటీవాళ్ళు తెర వెనకే తెల్లవారేదాకా కూర్చోవాల్సి వచ్చింది.

ఎంతమంది కృష్ణులు?

బయటివాళ్ళకి వింతగా ఉంటుంది కానీ, మనవాళ్ళకి ఒకే నాటకంలో ఇద్దరు, ముగ్గురు కృష్ణులుండడం అలవాటే. కాంట్రాక్టు నాటకాల్లో పుట్టిన పద్ధతి. కాంట్రాక్టరు పేరున్నవాళ్ళందరినీ తలో ఊరి నుంచీ పిలిపించి, తలో సీను పంచేవాడు. రిహార్సలు లేదు, సాయంత్రం బస్సు దిగి మొహానికి రంగేసుకోవడమే. నాటకంగా చూస్తే అతుకుల బొంత. పందెంగా చూస్తే మహా రంజు. ఎవరి "బావా" బాగుంది, ఎవరి "జెండా" బాగుంది అని వారం రోజులు ఊరంతా కొట్టుకునేది.

మళ్ళీ లేపుతున్న నాటకానికి నేనైతే ఇద్దరు కృష్ణుల్ని పెట్టమంటాను. పడక సీనుకి చనువుగా మాట్లాడే కుర్రవాడు, సభ సీనుకి నిలబడగానే బరువు కనపడే పెద్దవాడు. పోల్చుకునే సరదా మిగులుతుంది. కొత్తవాడికి భారం సగమవుతుంది. ముగ్గురు వద్దు. ముగ్గురైతే మేకప్ గదిలో కిరీటం కోసమే పంచాయితీ అవుతుంది. ఉన్న ఇద్దరికీ నెమలి పింఛం, పట్టుపంచె రంగు, తిలకం ఒకేలా ఉండేలా చూడండి. దుర్యోధనుడు మాత్రం మొదటి నుంచీ చివరి దాకా ఒక్కడే ఉండాలి. నాటకాన్ని కలిపి పట్టుకునేది అతనే. మంచి దుర్యోధనుడు దొరక్కపోతే ఆ ఏడాదికి మానెయ్యడం ఉత్తమం. కృష్ణుడి పద్యం అవతల వినేవాడి మీద ఆధారపడి ఉంటుంది.

శ్రుతి, మైకు

ఇక్కడ నా వృత్తి కనక కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

మైకుల్లేని రోజుల్లో ఆఖరి వరసకి వినపడాలంటే పై శ్రుతి తప్ప దారి లేదు. ఆ పై స్థాయి గొంతే పద్యనాటకానికి గుర్తయిపోయింది. ఇప్పుడు మీ కుర్రాడు పాత రికార్డు పెట్టుకుని అదే శ్రుతిలో పాడతానంటాడు. రిహార్సల్లో రెండు పద్యాలు బాగానే పాడతాడు. నాటకం రోజు మూడో పద్యానికి గొంతు చీలుతుంది. అర శ్రుతో, ఒక శ్రుతో తగ్గించండి. తగ్గించారని గుర్తుపట్టేవాళ్ళు పందిట్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళూ క్షమిస్తారు. పై షడ్జంలో గొంతు చీలితే మాత్రం పసివాడు కూడా నవ్వుతాడు. కృష్ణుడిది నాలుగు, దుర్యోధనుడిది ఐదున్నర అయితే హార్మోనిస్టు మార్చుకుంటాడు, ఆ మాత్రం వాడికి వచ్చు. కానీ ఎవరిది ఏ శ్రుతో ముందుగా కాగితం మీద రాసి పెట్టె మీద అంటించండి.

హార్మోనియం, తబలా ఉంటే చాలు. డోలక్ అడిగే ఊళ్ళున్నాయి, సరే. కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మాత్రం వద్దని బతిమాలుకుంటున్నాను. పద్యానికి తాళం లేదు. నటుడి ఊపిరి వెనకాలే నడవాలి, ఆగినచోట ఆగాలి. తబలా వాయించేవాడు కూడా పద్యం సాగుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. పద్యం పూర్తయ్యాక ఒక్క దెబ్బ పడితే దాని విలువ వేరు.

మైకు దగ్గర అందరూ బోల్తాపడతారు. కాలర్ మైకు పెడదామంటారు. కృష్ణుడి మెడలో హారాలు, పూలదండ, ఉత్తరీయం ఉంటాయి. కదిలినప్పుడల్లా గరగరా. మాటలకి పైనుంచి వేలాడే మైకులు, పద్యాలకి ముందు స్టాండు మైకు పెట్టండి. నటుడు పద్యానికి ముందుకొచ్చి మైకు దగ్గర నిలబడడం మన జనానికి అలవాటే. ఆ రెండడుగులు వేశాడంటే పద్యం వస్తోందని సర్దుకుని కూర్చుంటారు. సౌండు కుర్రాణ్ణి కనీసం ఆఖరి రిహార్సలుకి పిలిచి, ఏ పద్యానికి గొంతు లేస్తుందో విననివ్వండి. డీజే బాక్సులకి అలవాటుపడిన కుర్రాడికి ఏమీ చెప్పకపోతే, హార్మోనియంని గొంతు మీదికి ఎక్కిస్తాడు.

తెర వెనక తెర

"మాస్టారూ, వెనకాల ఎల్‌ఈడీ స్క్రీన్ పెడదామండీ, కురుక్షేత్రం చూపిద్దాం." ఈ మాట తప్పకుండా వస్తుంది. "జెండాపై కపిరాజు" పాడుతుంటే వెనక నిజంగానే జెండా, గుర్రాలు, రథం కదిలితే ఇక పద్యమెందుకు? అది కవి మాటతో గీసిన బొమ్మ. స్క్రీన్ వెలుగుకి నటుడి మొహం నల్లబడిపోతుంది కూడా. గీసిన సభ తెర ఒకటి, పక్కన కట్టింగులు, మంచి సింహాసనం ఒకటి. అంతే.

మాయా మర్మాలు ఆశించే అభిమానులు వేరే ఉన్నారు, వాళ్ళు సురభి నాటక సమాజం వాళ్ళ దగ్గరికి వెళతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలకి ఆ విద్య తరాలుగా అబ్బింది. వాళ్ళ మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవి ఎగిరి రాకపోతే జనం ఒప్పుకోరు, న్యాయమే. రాయబారం జనం ఆశ వేరు. దానికి తగ్గట్టు ఖర్చు పెట్టండి. స్క్రీన్ అద్దెకిచ్చే డబ్బుతో మంచి దుర్యోధనుడు వస్తాడు.

వన్స్‌మోర్

పద్యం మళ్ళీ పాడమని జనం అడగరేమోనని కొత్తవాళ్ళు భయపడతారు. అడిగితే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించుకుని ఉండరు. ముందే నిర్ణయించుకోండి. నా లెక్క ఇది: రాత్రి మొత్తానికి రెండు పద్యాలకి మించి తిరిగి పాడకూడదు, ఒక సీనులో ఒక్కసారి కంటే ఎక్కువ కూడదు. ఎవరు ఒప్పుకోవాలి? హార్మోనిస్టు. నటుడికి చప్పట్లు వినగానే విచక్షణ పోతుంది. హార్మోనిస్టు మళ్ళీ శ్రుతి అందిస్తే పాడాలి, చెయ్యి తీసేస్తే నాటకం ముందుకి నడవాలి. రెండోసారి పాడేటప్పుడు మొత్తం పద్యం అక్కర్లేదు, చివరి రెండు పాదాలు చాలు. అంతసేపూ దుర్యోధనుడు తుండుతో చెమట తుడుచుకోకుండా, పక్కవాడితో కబుర్లు చెప్పకుండా ఉన్న భంగిమలోనే నిలబడాలి. ఇది రిహార్సల్లో నిజంగా చేయించండి, నవ్వులాట అనుకోకండి.

చదివింపులు ఆపడం మీ వల్ల కాదు, ఆపొద్దు కూడా. నటుల రాత్రి సంపాదనలో అదో భాగం. అయితే పద్యం మధ్యలో స్టేజి ఎక్కి నోటు గుచ్చడం మాత్రం ఒప్పుకోకండి. సీనుకీ సీనుకీ మధ్య తెర దించినప్పుడు పేర్లన్నీ ఒకేసారి మైకులో చదివించండి. ఊరి పెద్దల సన్మానాలు, నాయకుల ఉపన్యాసాలు తెర లేవకముందే కానిచ్చెయ్యండి. పడక సీనయ్యాక శాలువాల కార్యక్రమం పెట్టారంటే, కృష్ణుడు తిరిగొచ్చేసరికి పందిట్లో సగం మందే ఉంటారు.

కుర్రాళ్ళ మాట

"ఇప్పటివాళ్ళకి అర్థం కాదండీ, భాష తేలిక చేద్దాం" అంటారు. పద్యాన్ని తేలిక చేయడం కుదరదు. గణం పోతుంది, యతి పోతుంది, అన్నిటికంటే మొదట, ముందు వరస లేచిపోతుంది. వచనం మాత్రం హాయిగా తేలిక చేసుకోండి, దాన్ని ఎవరూ కాపాడమనడం లేదు. ఊరి బడికి వెళ్ళి తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఆ నాలుగు పద్యాలూ అర్థంతో సహా నేర్పించండి. ఒక కాగితం మీద అచ్చేయించి పంచండి. పిల్లలు నాటకానికి వస్తారు. పిల్లలొస్తే వాళ్ళమ్మలొస్తారు. నటుడు "బావా" అనగానే పిల్లలు కూడా ఆ పాదం అందుకున్న పందిళ్ళు నేను చూశాను. అంతకు మించిన ప్రచారం లేదు.

అమెరికా తెలుగు సభల్లో ఆడుతున్నామని ఫోను చేసేవాళ్ళకీ ఇదే చెబుతాను. వాళ్ళకి దొరికేది ముప్పావుగంట. అందులో నాటకమంతా ఇరికించాలని చూస్తారు, అన్నీ ఉరుకుల పరుగులవుతాయి. సభ సీను ఒక్కటే తీసుకుని నిదానంగా ఆడండి. అక్కడ వినేవాళ్ళలో చాలామంది తాత ఒళ్ళో కూర్చుని ఈ పద్యాలు విన్నవాళ్ళే. వాళ్ళకి సభలోని ఆ మూడూ తీరిగ్గా పాడితే చాలు.

మర్నాడు

మంగళం పాడగానే నటుల డబ్బు, హార్మోనిస్టుదీ తబలా ఆయనదీ, మేకప్ మేనుదీ ఎవరి కవరు వాళ్ళకిచ్చి పంపించండి. "పొద్దున్న చూద్దాం" అన్న మాట మన ఊళ్ళ నుంచి పొరుగూళ్ళకి భలే వేగంగా పోతుంది, వచ్చే ఏడు ఎవరూ రారు. మర్నాడు పొద్దున్నే కమిటీలో ఒకరు మళ్ళీ ఆ అరుగు మీదికి వెళ్ళాలి. "బాగుంది" అన్నవాళ్ళని వదిలెయ్యండి. తప్పు పట్టినవాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ పద్యంలో ఏ పాదం తప్పిందన్నారో, ఎవరు ఎక్కడ తొందరపడ్డారన్నారో నాటకం ప్రతిలో ఆయా పేజీ అంచున పెన్సిలుతో రాసుకోండి. ఆ ప్రతిని దాచండి. వచ్చే సంక్రాంతికి నాకు ఫోను చేసేటప్పుడు అది ముందు పెట్టుకుని చెయ్యండి. కిరీటాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.